ఉక్కువంతెన నీడ

హైదరాబాదులోని ఇందిరాపార్కు లోపల, ప్రవేశద్వారమునకు అనతిదూరమున, ఒక వేపచెట్టు క్రింద వీపు విరిగిన సిమెంటు బల్ల యొకటి కలదు. వాన కురియని ప్రతి సాయంకాలమును ఆ బల్లపై ఇద్దరు వృద్ధులు కూర్చుండి, ఆరోగ్యార్థము నడచుటకు వచ్చినవారి నడకను చెరచుచుందురు. ఏలయన, వారి వాదము వినబడు దూరమునకు వచ్చినవాడెవడైనను, నాలుగు చుట్లు తిరుగవలసినవాడు రెంటితో తృప్తిచెంది ప్రక్క బల్లపై చతికిలబడును. నేనట్టివారిలో ఒకడను. వైద్యుడు విధించిన చుట్లలో సగము నాకు వారి మూలముననే నష్టమైనవి.

వారిలో పెద్దవారు రోడ్లు, భవనముల శాఖలో ముప్పదియేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి గైకొన్న ఇంజనీరు, నారాయణగూడ నివాసి. రెండవవారు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి విరమించిన పంతులు, అశోక్‌నగర్ వాసి. ఇంజనీరుగారు పంతులుగారి అక్కగారిని చేపట్టినవారగుటచే ఈయనకు బావగారు. బావకును బావమరదికిని నడుమ లోకములో ఉండదగిన పరిహాసమంతయు వారి మాటలలో నుండును గాని, వాదము మాత్రము పరిహాసము కాదు. ఆనాటి వాదమునకు విషయము, ఆ పార్కు చెంతనే మొదలై, అశోక్‌నగర్ నెత్తిమీదుగా, ఆర్టీసీ క్రాస్‌రోడ్సు మీదుగా అజామాబాదులోని వీఎస్టీ కర్మాగారము వరకు సాగిపోవు ఉక్కువంతెన.

బావగారు ఆలస్యముగా వచ్చియు, ముందుగా వచ్చినవానివలె విజయగర్వముతో కూర్చుండిరి.

“విద్యానగర్‌లో అమ్మాయి ఇంట్లో కాఫీ పుచ్చుకొని బయలుదేరాను. ఆ కాఫీ రుచి నాలుకమీద ఉండగానే ఇక్కడ దిగాను. ఇదివరకైతే ఆర్టీసీ క్రాస్‌రోడ్సు దగ్గర ఎర్రదీపం ముందు నిలబడి, సంధ్యలో ఏ సినిమా ఆడుతోందో, దేవిలో ఏది ఆడుతోందో, సుదర్శన్ ముందు ఏ కథానాయకుడి బొమ్మకు ఎన్ని దండలు వేశారో అన్నీ లెక్కపెట్టి, ఆ సినిమాల కథలు కూడా ఊహించుకొన్న తరువాత గానీ ఆ దీపం పచ్చబడేది కాదు. పంతులూ, నువ్వు వంతెనను తిడతావు గానీ, నాకు మిగిలిన కాలంలోనుంచి రోజుకు అరగంట తీసి నా చేతిలో పెట్టింది అది.”

“ఆ అరగంటను మీరు నాతో వాదించటానికే వినియోగిస్తున్నారు గనక, వంతెనవల్ల నాకు కలిగిన నష్టాల పద్దులో దాన్ని కూడా వ్రాసుకొంటాను బావగారూ,” అని పంతులుగారనిరి.

“నవ్వటం తేలిక. 2020 జులైలో శంకుస్థాపన చేసి, 2023 ఆగస్టు 19న తెరిచారు. రెండుంబావు కిలోమీటర్ల పొడవు, నాలుగు వరుసల దారి, 450 కోట్ల రూపాయల వ్యయం. క్రింద చూస్తే ఇరుకువీధి, ఇరువైపులా మేడలు. ఆర్టీసీ క్రాస్‌రోడ్సు దగ్గరకు వచ్చేసరికి మెట్రో పట్టాలు అప్పటికే ఆకాశంలో ఆసనం వేసుకొని కూర్చున్నాయి. ఆ పట్టాల పైనుంచి వంతెనను దాటించారు. కాంక్రీటు అయితే సెంట్రింగు కొట్టి, పోతపోసి, నీళ్ళుపట్టి, అది గట్టిపడేదాకా వీధి మూసుకొని కూర్చోవాలి. ఉక్కు దూలమైతే ఎక్కడో తయారై, రాత్రివేళ వచ్చి, క్రేను చేతిలో ఎగిరి, తెల్లవారేసరికి తన చోట కూర్చుంటుంది. పాలవాడు తన దారిన తాను పోతాడు. ఉక్కును ఎన్నుకొన్నది ఆడంబరానికి కాదోయ్, నీ వీధిమీద దయతో.”

“దయను కాదనను. కానీ ఆ దయ మా నెత్తిమీదుగా పోతున్నది. ఇంతకూ ఆ వంతెనకు ఎవరి పేరు పెట్టారు? నాయిని నర్సింహారెడ్డిగారి పేరు. ఆయన వీఎస్టీ కార్మికులకు నాయకుడై, తరువాత రాష్ట్రానికి హోంమంత్రి అయినా, జీవితంలో ఎక్కువ భాగం రోడ్డుమీద జెండా పట్టుకొని నిలబడినవాడు. నిలబడటమే వృత్తిగా బ్రతికినవాడి పేరు, ఎవరూ నిలబడటానికి వీల్లేని దారికి పెట్టటం చూస్తే, పేరుపెట్టినవారు కవులో, అమాయకులో నాకు తెలియలేదు.”

ఇంజనీరుగారు ఈ మాటకు సమాధానము చెప్పక, చేతికఱ్ఱతో నేలపై ఒక గీత గీచిరి. పంతులుగారికి ఊపు వచ్చినది.

“మొన్న జరిగింది చెబుతాను వినండి. మధ్యాహ్నం మూడుగంటల వేళ కూరలకని చిక్కడపల్లి మార్కెట్టుకు పోతున్నాను. వంతెన స్తంభానికి కట్టిన దిమ్మెకు ఆనుకొని ఒక కుర్రవాడు, ఇరవైయేడు ఇరవైయెనిమిదేళ్ళు ఉంటాయి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఒళ్ళో పరీక్ష అట్ట, అట్టమీద పాలిటీ పుస్తకం. పైన లారీ పోయినప్పుడల్లా వంతెన అతుకు దగ్గర దభీ దభీమని రెండు చప్పుళ్ళు వస్తాయి. ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటి. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా వాడి వ్రేలు పంక్తి మొదటికి వెళ్ళి మళ్ళీ నడుస్తున్నది. నేను నిలబడి ఉన్నంతసేపట్లో వాడు ఆ పుటలో నాలుగో పంక్తి దాటలేదు. ‘ఇక్కడెందుకయ్యా?’ అని అడిగాను. ‘గదిలో నలుగురం సార్, ఇద్దరు రాత్రి చదివి ఇప్పుడు పడుకొన్నారు, దీపం వెయ్యటానికి లేదు. సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే తెల్లవారకముందే పోయి కాచుకోవాలి. ఇక్కడైతే నీడ ఉంది,’ అన్నాడు.”

“చూశావా, నీడ ఇచ్చింది వంతెనే!” అని బావగారు తొడ చరచిరి.

ప్రక్క బల్లపైనున్న మాకందరకును నవ్వు వచ్చినది. పంతులుగారికి సైతము వచ్చినది గాని, ఆయన దానిని దగ్గుగా మార్చుకొనిరి.

“ఇచ్చింది. చెట్టు కొట్టినవాడు గొడుగు దానం చేసినట్టు ఇచ్చింది.”

“అన్యాయం మాట్లాడకు. ఆ కుర్రవాడు నల్లగొండ నుంచో ఆదిలాబాదు నుంచో ఈ ఊరికి ఎందుకు వచ్చాడు? అశోక్‌నగర్ ప్రశాంతమైన అగ్రహారమనా? ఇక్కడ కోచింగు సెంటర్లు ఉన్నాయి, పుస్తకాల దుకాణాలు ఉన్నాయి, పచ్చళ్ళ మెస్సులు ఉన్నాయి, ఊరంతటికీ దారి ఉన్నది గనక వచ్చాడు. వాడి హాస్టలు అద్దెతో నీ వీధిలో ఎన్ని ఇళ్ళు అంతస్తులు పెంచాయో నాకు తెలియదా? నీ పొరుగింటి మేడమీద ఆ రేకుల గదులు ఎవరికోసం వేశారు? పట్నం పెద్దది కావాలి, పట్నానికి వచ్చే జనం నీకు అద్దె ఇవ్వాలి, ఆ జనం ఎక్కే వాహనం మాత్రం నీ వీధిలో కనబడరాదు! 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా పదకొండు కిలోమీటర్ల మెట్రో తెరిచినప్పుడు, చిక్కడపల్లిలో ఒక స్టేషను, మా నారాయణగూడలో ఒక స్టేషను వచ్చాయి. అప్పుడు కూడా నువ్వు ఇలాగే మూతి ముడుచుకొన్నావు.”

“ముడుచుకొన్నాను. ఆ స్తంభాలు లేచినన్నాళ్ళు చిక్కడపల్లి రోడ్డు తవ్విన గోతిలోనే బ్రతికింది. దుకాణాల ముందుభాగాలు రంపంతో కోసినట్టు కోశారు. అయినా ఇప్పుడు మెట్రోను నేను తప్పుపట్టను. ఎందుకంటే అది మా దగ్గర ఆగుతుంది బావగారూ. ఆగిన బండిలోనుంచి మనిషి దిగుతాడు, దిగినవాడు మెట్లక్రింద అరటిపళ్ళు కొంటాడు, సాయంకాలమైతే త్యాగరాయ గానసభలో ఏ నాటకమో ఏ సన్మానమో ఉంటే తొంగిచూస్తాడు. ఊరికి పెద్దపని కావాలా వద్దా అని కాదు నా తగవు. ఆ పని మా పేటలో ఆగుతుందా, మా పేటను ఒక అడ్డంకిగా భావించి దాటిపోతుందా? మీ వంతెన ప్రయోజనమే మమ్మల్ని చూడకుండా పోవటం.”

ఈ భేదము నాకు క్రొత్తగా తోచినది. అభివృద్ధి, పర్యావరణము అని రెండు పెద్ద పదములను రెండు వైపుల నిలబెట్టి కొట్టుకొనువారిని అనేకులను చూచితిని గాని, ‘ఆగునది, ఆగనిది’ అని విభజించినవారిని చూడలేదు. ఇంజనీరుగారికిని అది తగిలినట్లే యుండెను. కాని ఆయన అంత సులభముగా లొంగువారు కారు.

“సరే, పైనుంచి పోయేదాన్ని విడిచిపెడదాం. నేలమీద ఉండిపోయేదాన్ని తీసుకో. 2015లో మన ఎదురుగా ఉన్న ఎన్టీఆర్ స్టేడియం పధ్నాలుగు ఎకరాల్లో కళాభారతి కడతామన్నారు. అది దాటిపోయేది కాదు గదా? సంగీతం, నాటకం, చిత్రకళ, అన్నీ ఒకచోట ఆగేవి. గానసభలో కుర్చీ దొరక్క నువ్వు ఎన్నిసార్లు గోడకు ఆనుకొని నిలబడ్డావు! అది కట్టి ఉంటే నువ్వు మొదటి వరుసలో కూర్చొనేవాడివి. దానికీ వ్యతిరేకంగా ప్లకార్డు పట్టుకొన్నావు. ఆ సంవత్సరమే ఈ పార్కులో ఒక మూల వినాయక నిమజ్జనానికి చెరువు తవ్వుతామంటే, హుస్సేన్‌సాగర్ బాగుపడుతుందన్న ఆలోచన కూడా లేకుండా దానికీ పట్టుకొన్నావు. మీ పేటవాళ్ళకు ‘వద్దు’ అన్న మాట తప్ప రెండోది నోటికి రాదు.”

“హుస్సేన్‌సాగర్‌లో రంగులు కలిస్తే చేదు, ఇందిరాపార్కులో కలిస్తే తీపా? పోనీ, కళాభారతి సంగతి చెబుతాను. మీ శాఖ కాగితాల్లో ఒక మాట ఉంటుంది, ‘ఖాళీ స్థలం’ అని. ముప్పై నలభై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి గనక ఈ మాట నన్ను బాధిస్తుంది. మనకు వేరే మాట ఉంది: బయలు. ఇంట్లోనుంచి మనిషి బయలుదేరేది దానిలోకే, దాచినది బయలుపడేదీ దానిలోనే. చలికాలంలో కాకపోతే మన తాతలు పడుకొన్నదీ ఆరుబయటే. బయలు అంటే ఏమీ లేని చోటు కాదు, ఎవరికీ ప్రత్యేకించి చెందనందువల్ల అందరూ వచ్చే చోటు. ఆ మైదానంలో తెల్లవారుజామున నడిచేవాళ్ళు, సెలవునాడు టెన్నిస్ బంతితో పది జట్లు, అన్నిటికీ మించి ఏటేటా పుస్తక ప్రదర్శన. అశోక్‌నగర్ కుర్రవాడు సంవత్సరంలో ఒక్కసారి, పరీక్షకు పనికిరాని పుస్తకాన్ని చేతిలోకి తీసుకొనేది అక్కడే. చిత్రం చూడండి: భవనం రాలేదు, పేరు మాత్రం ఉండిపోయింది. పుస్తక ప్రదర్శన ప్రకటనల్లో చిరునామా ‘తెలంగాణ కళాభారతి, ఎన్టీఆర్ స్టేడియం’ అని అచ్చవుతూ వచ్చింది. గోడలు లేని కళాభారతి! నాకు అదే చాలు.”

“చట్టం ఒప్పుకోదు ఈ కవిత్వాన్ని.”

“చట్టమే ఒప్పుకొంది. బెంగుళూరులో ఉద్యానంకోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, పేటవాళ్ళు వ్యాజ్యం వేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. ఆసుపత్రి చెడ్డదని కాదు. మంచి పని పేరుతో పార్కును మ్రింగితే, రేపు ఇంకొక మంచి పని ఇంకొక పార్కుకు ఆకలిగొంటుంది. మంచి పనులకు కొదువ ఎక్కడిది?”

ఇంజనీరుగారు కొంతసేపు మౌనము వహించి, పిమ్మట స్వరము తగ్గించి చెప్పిరి. వారు స్వరము తగ్గించినప్పుడే జాగ్రత్తగా వినవలెనని మాకు తెలియును.

“పంతులూ, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ ఊరిని ముంచింది. వేలమంది పోయారు. ఆ తరువాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. ఆ జలాశయాల క్రింద ఎన్ని గ్రామాలు మునిగాయో, ఎందరు రైతులు ‘మా పొలం మాకు చాలు, మీ పట్నం పెద్దపని మాకెందుకు’ అని ఏడ్చారో నువ్వెప్పుడైనా ఆలోచించావా? వాళ్ళ మాట విని ఆనాటి ఇంజనీరు చేతులు ముడుచుకొని ఉంటే, నువ్వూ నేనూ ఈ బల్లమీద ఉండేవాళ్ళం కాదు. పెద్దపనికి ఎప్పుడూ ఎవడో ఒకడి పెరడు కావాలి. ఆ పాపం మోసేవాడే ఇంజనీరు.”

దీనికి వెంటనే బదులు చెప్పుటకు పంతులుగారికి తోచలేదు. చెట్టుపై గోరువంకలు గోల చేయుచుండెను. కడకాయన అనిరి:

“కాదనలేను. కానీ ఆ పెద్దపని నీటికి చోటిచ్చిన పని. 1562లో కుతుబ్‌షాహీల కాలంలో హుస్సేన్‌సాగర్ కట్టినవాళ్ళు, నిండితే పొర్లటానికి అలుగు పెట్టారు. ఆ అలుగునీరు ఏ తోవన మూసీకి పోతుంది? మా అశోక్‌నగర్ నాలామీదుగా, బాగ్ లింగంపల్లి, నల్లకుంటల మీదుగా. ఆ పేర్లు ఒకసారి పైకి చదవండి: బాగ్ అంటే తోట, నల్లకుంట, నాగమయ్యకుంట అంటే కుంటలు. ఇప్పుడు తోటలో సుందరయ్య పార్కు అని ఒక మూల మిగిలింది. నాగమయ్యకుంటలో కుంట లేదు, బస్తీ ఉంది. భూమికి ఆ సంగతి తెలిసినా వానకు తెలియదు. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో ఇరవైనాలుగు సెంటీమీటర్ల వాన పడితే, నా పుస్తకాల బీరువాలో రెండో అర దాకా నీరు నిలిచింది. శబ్దరత్నాకరం ఉబ్బి మూడు సంపుటాలంత అయింది. మీకు జ్ఞాపకం లేదా? అక్క వండి పంపిన టిఫిను క్యారియరు నెత్తిన పెట్టుకొని, తొడలోతు నీళ్ళలో, మీరే కదా నడిచివచ్చారు?”

“జ్ఞాపకం ఉంది. ఆ రోజు కాలు ఒక తెరచిన మ్యాన్‌హోలుకు జానెడు ప్రక్కన పడింది.” బావగారు తమ మోకాలిని తడవుకొనిరి. “అయితే ఆ వాన తరువాత నాలాలు వెడల్పు చేయాలని నివేదికలు వ్రాసిందీ, గోడలు కట్టిందీ మావాళ్ళే.”

“వ్రాశారు. నాలాకు కోట్లు రావటానికి ఇరవైయేళ్ళు పట్టింది, వంతెనకు మూడేళ్ళు చాలాయి. నాలా ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించటానికి వాసన అడ్డం గదా!”

బావగారు దీనిని ఖండింపకుండుట నాకు ఆశ్చర్యము కలిగించినది. అంతకంటె ఆశ్చర్యమేమనగా, ప్రతిపక్షమునకు ఉపయోగపడు దృష్టాంతమును వారే బయటపెట్టిరి. కొరియా దేశమున సియోలు నగరములో చొంగ్‌గ్యెచొన్ అను వాగు కలదట. దానిని కాంక్రీటుతో కప్పి, పైన ఎత్తు రహదారి కట్టి, కడకు 2003లో ఆ రహదారిని పడగొట్టుటకు మొదలిడి, 2005 నాటికి వాగును మరల వెలుగులోనికి తెచ్చిరట. ఇప్పుడు ఆరు కిలోమీటర్లకు కొంచెము తక్కువ దూరము జనము ఆ నీటి యొడ్డున నడచుచున్నారట.

“ఇది మీరెందుకు చెబుతున్నారు?” అని పంతులుగారు అనుమానముగా అడిగిరి.

“నువ్వు రేపు ఏ పత్రికలోనో చదివి నా మీద విసరబోతావు గనక. కానీ ఒకటి గమనించు. వాళ్ళు ఆ రహదారిమీద మూడు దశాబ్దాలు తిరిగి, ధనవంతులై, తరువాత పడగొట్టారు. కడుపునిండినవాడు చేస్తే ఉపవాసం, లేనివాడు చేస్తే పస్తు. మనం ఇంకా మొదటి ముద్ద దగ్గరే ఉన్నాం.”

“మనం కూడా ముందు కట్టి తరువాత పడగొట్టాలంటారా? రెండు కంట్రాక్టులు!”

ఇచట వాదము కొంత దారి తప్పి, కంట్రాక్టరుల మీదికిని, అటుపిమ్మట వంకాయల ధర మీదికిని పోయినది, దానిని వ్రాయను. తిరిగి దారికి తెచ్చినది పార్కు గోడ కావలనుండి వినవచ్చిన మైకు. ధర్నాచౌక్‌లో ఎవరో సభ ముగించుచు నినాదములు చెప్పించుచుండిరి.

“అదుగో, మీ బయలు మాట్లాడుతోంది,” అని బావగారు కన్నుగీటిరి. “అందరూ వచ్చే చోటు అన్నావు. 2017లో ధర్నాచౌక్‌ను ఊరి వెలుపలికి మార్చినప్పుడు, ‘మైకుల గోలతో మా పేటలో బ్రతకలేకున్నాం’ అన్న అర్జీమీద ఎవరి సంతకం ఉన్నదోయ్? చక్కని దస్తూరీ, అరసున్న కూడా మరవలేదు.”

పంతులుగారి ముఖము వాడినది. ఈ సంగతి మాకెవరికిని తెలియదు.

“పెట్టాను,” అని ఆయన మెల్లగా అనిరి. “అప్పుడు మా ఇంట్లో మనుమరాలు పదోతరగతి. చదువు సాగటం లేదని పెట్టాను. 2018లో హైకోర్టు తిరిగి ఇక్కడ అనుమతించింది. ఆ తరువాత ఒక కార్యాలయంలో నా పింఛను బకాయి కాగితం ఎటుపోయిందో తెలియక, మావంటి ముసలివాళ్ళం వందమందిమి కలిసి ఇక్కడే, ఆ గోడ ప్రక్కనే కూర్చున్నాం. ఎండ. నా చేతికి మైకు ఇచ్చారు. గొంతు చాలలేదు, శబ్దం పెంచమని నేనే అడిగాను.”

కొంతసేపెవరును మాటాడలేదు. బావగారు నవ్వుదురనుకొంటిమి, నవ్వలేదు.

“నా సంగతి కూడా చెబుతాను విను,” అనిరి వారు. “కూడలిలో రద్దీ లెక్క ఎలా కడతామో తెలుసా? మనుషుల్ని లెక్కపెట్టం. కారు ఒకటి. మోటారుసైకిలు అర. బస్సో లారీయో అయితే మూడు. అరవైమంది వ్రేలాడుతున్న బస్సు కూడా మూడే. ఒక్కడు కూర్చున్న కారు ఒకటి. ఈ అంకెలన్నీ కూడితే గంటకు ఇంత అని వస్తుంది. ఇంతకు మించితే వంతెన కావాలని నివేదిక వ్రాస్తాం. ఇలాంటివి నా చేత్తో ఎన్నో వ్రాశాను. ఒక్కటి కూడా తప్పులెక్క కాదు.”

“మరి నడిచేవాడు?”

“ఆ పట్టికలో అతనికి గడి లేదు.”

చీకటి పడుచుండగా కావలివాడు ఈల వేసెను. అందరమును లేచితిమి. నేను వారి వెనుకనే ద్వారము దాటితిని. పంతులుగారు అశోక్‌నగర్ వైపునకు పోవలెను. బావగారికి ఆనాటి రాత్రి భోజనము అక్కడనే యని తెలిసినది. వీధికావల చేరవలెనన్న వంతెన దిగివచ్చు వాహనముల ప్రవాహమును దాటవలెను. దిగుడులో వచ్చునవి గనుక వేగముగా వచ్చుచుండెను. ఒకదాని వెనుక నొకటి, సందు లేకుండ. ఇద్దరును అంచున నిలబడిరి. ఒక అడుగు ముందుకు, రెండడుగులు వెనుకకు. బావగారు చేతికఱ్ఱ పైకెత్తిరి, ఎవరును ఆగలేదు. నేను దగ్గరకు పోవుసరికి వారి పెదవులు కదలుచుండెను, ప్రార్థన కాబోలుననుకొంటిని.

“అర... అర... ఒకటి... అర... మూడు... ఒకటి...”

“మనమిద్దరం ఎంత బావగారూ?” అని పంతులుగారడిగిరి.

బావగారు బదులు చెప్పక బావమరది చేయి గట్టిగా పట్టుకొని, “ఆ బస్సు పోనీ,” అనిరి.